ఉద్యోగం ఖాయమైంది, మార్కులు జారుతున్నాయి

విజయవాడలో గుణదల చుట్టుపక్కల ఉన్న కళాశాలలు ఎప్పుడెప్పుడు వెలిశాయో చూస్తే, ఈ ప్రాంతానికి చదువుతో ఎంత పాత అనుబంధం ఉందో అర్థమవుతుంది. మాచవరంలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాల 1937లో, ఆంధ్ర లయోలా కళాశాల 1953లో, ఆడపిల్లల కోసం మేరిస్ స్టెల్లా 1962లో, కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల 1977లో ప్రారంభమయ్యాయి. కానీ చాలా ముస్లిం కుటుంబాలకు ఆ గేట్లు చేరువైంది 2007లో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం, 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన తర్వాతనే. ఆటోనగర్ షెడ్డులో ఇంజన్లు విప్పే తండ్రి, ఇంట్లో కుట్టుమిషను తొక్కే తల్లి తమ సంతానాన్ని బి.టెక్. చదివించడానికి అప్పుడే ధైర్యం చేయగలిగారు.

అటువంటి ఇంటికి క్యాంపస్ సెలక్షన్ వచ్చిందంటే, అది ఒక్కరికి వచ్చిన ఉద్యోగం కాదు. జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల మీద అబ్బాకు ముబారక్‌లు చెబుతారు. మచిలీపట్నంలోని ఖాలాకు ఫోను వెళుతుంది. పక్కింటికి మిఠాయి అందుతుంది. తమ్ముడి చదువు, చెల్లెలి నికాహ్, తీరని అప్పు అన్నీ ఆ ఒక్క కాగితం చుట్టూ కొత్తగా లెక్కకు వస్తాయి.

సాధారణంగా ఈ శుభవార్త ఏడో సెమిస్టర్ నడుస్తున్న రోజుల్లో వస్తుంది. ఆ సెమిస్టర్ ఫలితాలు మాత్రం కొన్ని నెలల తర్వాత వస్తాయి. అప్పటివరకు ఎనిమిదికి తగ్గని ఎస్.జి.పి.ఎ. ఒక్కసారిగా ఆరున్నరకు దిగిందని తెలిసినప్పుడు, ఇంట్లో ఇంకా పాత సంతోషమే నడుస్తూ ఉంటుంది. ఆ విద్యార్థి మాత్రం ఫోను తెర చూసి నిశ్శబ్దంగా పక్కన పెడతాడు. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం తీసేస్తారేమో, అబ్బా ముఖం ఎలా చూడాలి, నలుగురికీ చెప్పుకున్న మాట ఏమవుతుంది అని రాత్రులు మథనపడతాడు. అమ్మాయిలకైతే ఈ బెంగకు మరొకటి తోడవుతుంది. ఉద్యోగం పోతే తన చదువుకు వెచ్చించినదంతా వృథా అని బంధువులు అంటారేమోనన్న బెంగ అది.

ఈ భయంలో కొంత పూర్తిగా నిరాధారం. కొంత మాత్రం నిజం. దురదృష్టవశాత్తు ఈ రెండూ సాధారణంగా తారుమారవుతాయి. భయపడనక్కరలేని విద్యార్థి నిద్ర మానుకుంటాడు. భయపడవలసిన విద్యార్థి “ఆఫర్ వచ్చేసిందిగా” అని హాయిగా తిరుగుతాడు.

ఉత్తరంలో ఏమి రాసి ఉంది?

ఆఫర్ లెటర్‌ను ఇంటిల్లిపాదీ చూస్తారు. ఫోటో తీసి బంధువులకు పంపుతారు. జీతం అంకె ఉన్న పేజీని పదిసార్లు చదువుతారు. కానీ దాని వెనుక ఉన్న షరతుల పేజీలను చదివేవారు తక్కువ. అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఆ పేజీలను తీరికగా చదవడమే.

అసలు క్యాంపస్‌లో చేతికి వచ్చిన కాగితం చాలాసార్లు పూర్తి నియామకపత్రం కాదు, లెటర్ ఆఫ్ ఇంటెంట్ మాత్రమే. అంటే “ఈ షరతులు నెరవేరితే మిమ్మల్ని తీసుకోవాలనుకుంటున్నాం” అన్న మాట. అసలు ఆఫర్, చేరవలసిన తేదీ, ఊరు తర్వాత వస్తాయి. షరతులు కంపెనీని బట్టి మారినా వాటి సారాంశం ఒకటే. కోర్సు గడువులోగా డిగ్రీ పూర్తి కావాలి, చేరే నాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదు, నిర్దేశించిన కనీస మార్కులు ఉండాలి, ఇచ్చిన వివరాలన్నీ నిజమై ఉండాలి. ఉదాహరణకు టి.సి.ఎస్. ఇటీవలి సంవత్సరాల్లో ఫ్రెషర్ల నియామక ప్రకటనల్లో పదవ తరగతి, ఇంటర్, డిగ్రీ అన్నింటిలోనూ 60 శాతం లేదా 6 సి.జి.పి.ఎ. కావాలని కోరింది. ఎంపిక సమయంలో ఒకటికి మించి బ్యాక్‌లాగ్ ఉండకూడదని, ఉన్నదాన్ని కోర్సు గడువులోగా పూర్తి చేయాలని కూడా చెప్పింది.

అక్కడ అడుగుతున్నదేమిటో గమనించండి. మీ ఏడో సెమిస్టర్ ఆరో సెమిస్టర్ కంటే తగ్గిందా అని కంపెనీ అడగడం లేదు. ఒక గీత గీసి, దానికి పైన ఉన్నారా కింద ఉన్నారా అని అడుగుతోంది. కనుక విద్యార్థి తన మార్కులను పోల్చుకోవలసింది తన పాత మార్కులతో కాదు, ఆ గీతతో.

ఒక చిన్న లెక్క వేద్దాం. సౌలభ్యం కోసం అన్ని సెమిస్టర్లకూ క్రెడిట్లు సమానం అనుకుందాం. ఆరు సెమిస్టర్లకు 8.2 సి.జి.పి.ఎ. ఉన్న అమ్మాయికి ఏడో సెమిస్టర్‌లో 6.5 వచ్చింది. ఆరు ఎనిమిది పాయింట్ రెండ్లు 49.2. దానికి 6.5 కలిపి ఏడుతో భాగిస్తే 7.96 వస్తుంది. చివరి సెమిస్టర్‌లో 7 మాత్రమే వచ్చినా మొత్తం 7.84 దగ్గర ఆగుతుంది. అంటే ఆమెను నెలల తరబడి కలతపెట్టిన పతనం సర్టిఫికెట్ మీద అరపాయింటు కంటే తక్కువ. గీత ఆరు దగ్గరుంటే, ఆమె ఇంకా దానికి చాలా ఎత్తున ఉంది.

ఇప్పుడు మరొక విద్యార్థిని చూడండి. ఆరు సెమిస్టర్లకు 6.2. ఏడులో 5.2 వచ్చింది. మొత్తం 6.06. “ఇంకా ఆరు పైనే ఉన్నానుగా” అని నిశ్చింతగా ఉన్నాడు. ఎనిమిదిలో 5.4 వస్తే అతడి సి.జి.పి.ఎ. 5.98. గీతకు రవ్వంత కింద. అన్ని సబ్జెక్టులూ పాసైనప్పటికీ షరతు తప్పింది. ఈ రవ్వంతను చూసీచూడనట్లు పోయే కంపెనీలు ఉండవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం తెలివైన పని కాదు. ఈ అబ్బాయికి మూడు దశాంశాల లెక్క కూడా ముఖ్యమే. కనుక మార్కులు తగ్గాయన్న మాట వినగానే మొదట చేయవలసింది దుఃఖించడం కాదు, కాగితం కలం తీసుకోవడం. అన్ని మెమోలనూ ముందు పెట్టుకుని, ఒక్కొక్క సెమిస్టర్ క్రెడిట్లతో సరిగ్గా గుణించి, చివరి సెమిస్టర్‌లో కనీసం ఎంత రావాలో తేల్చుకోవాలి. చాలామంది భయం ఈ పని చేసిన సాయంత్రానికే సగం తగ్గుతుంది. కొందరి నిశ్చింత కూడా అప్పుడే పోతుంది.

దివ్యఖుర్ఆన్‌లో ఒక ఉద్యోగ ఒప్పందం ప్రస్తావన ఉంది. అల్ ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహి) ఈజిప్టు వదిలి మద్‌యన్ చేరుకున్నప్పుడు, అక్కడ ఒక వృద్ధుని కుమార్తె ఆయనను పనికి పెట్టుకోమని తండ్రికి సూచిస్తుంది. పనికి పెట్టుకోవడానికి తగినవాడికి రెండు లక్షణాలుండాలని, అవి శక్తి, విశ్వసనీయత అని ఆమె భావం. (ఆ వృద్ధుడు హజ్రత్ షుఐబ్ (అలైహి) అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు, గ్రంథంలో మాత్రం ఆయన పేరు లేదు.) ఆ పెద్దాయన పెట్టిన షరతు ఎనిమిదేళ్ల సేవ. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అలైహి) సొంత ఇష్టం. మూసా (అలైహి) దానికి ఒప్పుకుంటూ, ఈ రెండు గడువుల్లో దేన్ని పూర్తి చేసినా తన మీద అభియోగం ఉండకూడదని స్పష్టం చేసుకుని, అల్లాహ్‌ను సాక్షిగా నిలుపుతారు. ఆయన చివరికి పెద్ద గడువునే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది.

మన విషయంలో ఈ ఉదంతం ఎంతో ఊరటనిస్తుంది. ఎనిమిది ఒప్పందం, పది ఔదార్యం. రెండూ ఒకటి కాదు. ఎనిమిది పూర్తి చేసి పది చేయలేకపోయినవాడు మాట తప్పినవాడు కాడు. ఆఫర్‌లోని గీత ఆ ఎనిమిది వంటిది. 8.2 నుంచి 7.8కి దిగిన అమ్మాయి ఒప్పందం చెక్కుచెదరలేదు. ఆమెకు తగ్గింది తన ఔదార్యంలో కొంత. దాన్ని తిరిగి సంపాదించుకోవాలనుకోవడం మంచిదే, కానీ దాన్ని నేరంలా మోయనక్కరలేదు. 6.06 దగ్గర ఉన్న అబ్బాయి సంగతి వేరు. అతడి ఎనిమిదే ఇంకా పూర్తి కాలేదు.

నిజంగా భయపడవలసినవి

అన్నింటికంటే పెద్దది బ్యాక్‌లాగ్. తప్పిన సబ్జెక్టుకు గ్రేడు పాయింట్లు సున్నా. అది సగటును కిందికి లాగడమే కాక, అసలు డిగ్రీనే ఆపుతుంది. కాకినాడ జె.ఎన్.టి.యు. పరిధిలోని ఇంజినీరింగ్ విద్యార్థులు థియరీ సబ్జెక్టు పాస్ కావాలంటే సెమిస్టర్ చివరి పరీక్షలో కనీసం 35 శాతం, ఇంటర్నల్స్‌తో కలిపి మొత్తం మీద 40 శాతం తెచ్చుకోవాలి. మిడ్ పరీక్షలను తేలిగ్గా తీసుకున్నవారు చివరి పరీక్షలో ఈ రెండో గీత దగ్గర చిక్కుకుంటారు. ప్లేస్‌మెంట్ రౌండ్ల కోసం తిరుగుతూ ఒక మిడ్ వదిలేసిన విద్యార్థులను అడగండి, ఆ ఒక్క రోజు విలువ చెబుతారు.

ఏడో సెమిస్టర్‌లో సబ్జెక్టు తప్పితే ప్రపంచం మునిగిపోదు. ఫలితాలు వెలువడిన వెంటనే రీకౌంటింగుకు, రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేసుకునే అవకాశం ఉంటుంది. కానీ ఆ గడువు చాలా కొద్ది రోజులే. భయంతో ఫలితాన్ని ఇంట్లో దాచిపెట్టిన విద్యార్థి మొదట పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే, ఎందుకంటే ఆ ఫీజు డబ్బు అడగాలంటే నిజం చెప్పాలి. తర్వాత సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. చివరి సెమిస్టర్ వారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కూడా ఉంటుంది. ఇక్కడ ప్రశ్న పాసవుతారా అన్నది మాత్రమే కాదు, కంపెనీలో చేరే తేదీలోగా ఫలితం, మెమో చేతికి వస్తాయా అన్నది కూడా. ఆ తేదీలను పరీక్షల విభాగంలో స్వయంగా కనుక్కోవాలి. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో తిరిగే తేదీలను నమ్మవద్దు.

రెండోది హాజరు. 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉన్నవారికి తగిన కారణం చూపితే కండొనేషన్ ఫీజుతో మినహాయింపు దొరకవచ్చు, 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవవలసిందే. ఇటీవల అనేక కంపెనీలు ఎంపికైన విద్యార్థులను ఎనిమిదో సెమిస్టర్‌లోనే హైదరాబాదుకో బెంగళూరుకో ఇంటర్న్‌గా రమ్మంటున్నాయి. నెలకు కొంత స్టయిపెండు వస్తుందంటే ఇంట్లోవారికి సంతోషమే. బయలుదేరే ముందు విభాగాధిపతి నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. హాజరు ఎలా లెక్కిస్తారో, ప్రాజెక్టు రివ్యూలకు ఎప్పుడెప్పుడు రావాలో కాగితం మీద ఉండాలి. “సార్ సరేనన్నారు” అన్న నోటిమాట ఆ సార్ బదిలీ అయిన మరునాడు పనికిరాదు.

సర్టిఫికెట్ల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చేరే రోజున కంపెనీ చూసేది ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో. కళాశాలకు ఫీజు బకాయి ఉంటే అవి చేతికి రావడం ఆలస్యం కావచ్చు. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైనప్పుడు ఈ భారం ఏ పాపమూ తెలియని కుటుంబాల మీద పడుతుంది. బకాయి ఎంత ఉందో చివరి పరీక్షల దాకా ఆగకుండా ఇప్పుడే అకౌంట్స్ విభాగంలో అడిగి తెలుసుకోవడం మేలు.

మార్కులు ఎందుకు తగ్గాయన్నది ఇంట్లో సాధారణంగా ఒక్క మాటలో తేలిపోతుంది. “ఉద్యోగం వచ్చిందని పొగరెక్కింది.” కొందరి విషయంలో అది నిజమే, నేను కాదనను. పెద్ద గమ్యం చేరామనుకున్న మనసు ఒక్కసారిగా సడలుతుంది. కానీ అందరి కథ అది కాదు. ఆప్టిట్యూడ్ పరీక్షలు, కోడింగ్ శిక్షణ, ఇంటర్వ్యూల మధ్య నాలుగు నెలలు నలిగి అలసిపోయినవారు ఉంటారు. ఆఫర్ వచ్చిన మరునాటి నుంచి ఇంటి బాధ్యతలు నెత్తికెత్తుకుని ట్యూషన్లు చెబుతున్నవారు ఉంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధులు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, పుస్తకాలు, ల్యాప్‌టాప్‌లు తడిసిన ఇళ్లలో కూడా ఏడో సెమిస్టర్ విద్యార్థులు ఉండి ఉంటారు. 2025లోనూ 2026లోనూ రమజాన్ మాసం చివరి సెమిస్టర్ నడిచే రోజుల్లోనే వచ్చింది. తరావీహ్ తర్వాత నిద్ర, సహరీకి మెలకువ, పగలు ప్రాజెక్టు రివ్యూ. దీన్ని సోమరితనం అనగలమా? సడలిన మనసుకు ఒక హెచ్చరిక కావాలి. అలసిన మనసుకు విశ్రాంతి కావాలి. మందు తారుమారైతే రోగం ముదురుతుంది.

తడిసిన ధాన్యం

కృష్ణా డెల్టాలో ధాన్యం పండించే కుటుంబాలకు తేమ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే పేచీ మొదలవుతుంది. దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా లోపల వేళ్లకు తడి తగిలిందని, వాన పడిందని ఆ వర్తకుడు చెప్పగా, తడిసిన గింజలను అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీసి, మోసాన్ని తీవ్రంగా ఖండించారని సహీహ్ ముస్లింలో ఉంది. వాన పడటం వర్తకుడి తప్పు కాదు. తడిని లోపల ఉంచి పొడిని పైన పరచడమే తప్పు.

మార్కులు తగ్గడం వాన వంటిది కావచ్చు. దాచడం మాత్రం మనం చేసే పనే. కొందరు స్నేహితులు “ఎవరూ చూడరులే, దరఖాస్తులో పాత సి.జి.పి.ఎ. అలాగే ఉంచు” అని సలహా ఇస్తారు. ఇది ధర్మపరంగా ఎంత తప్పో, లౌకికంగా అంత ప్రమాదకరం కూడా. చేరే ముందూ చేరిన తర్వాతా కంపెనీలు బయటి సంస్థల ద్వారా ధ్రువపత్రాలను తనిఖీ చేయిస్తాయి. మెమోలను విశ్వవిద్యాలయంతో సరిచూస్తారు. తక్కువ మార్కులను సర్దుకోగల కంపెనీ కూడా అబద్ధాన్ని సర్దుకోదు.

మరి కంపెనీకి ముందే చెప్పాలా? గీతకు పైనే ఉండి, అన్ని సబ్జెక్టులూ పాసైతే, సెమిస్టర్ మార్కులు తగ్గాయని ప్రత్యేకంగా ఉత్తరం రాయనక్కరలేదు. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు నింపితే చాలు. ప్రతి చిన్న తగ్గుదలకూ హెచ్.ఆర్. వారికి క్షమాపణలు రాసే విద్యార్థులు లేనిపోని అనుమానం కొనితెచ్చుకుంటారు. కానీ బ్యాక్‌లాగ్ పడినా, సగటు గీత కిందికి పోయే సూచన ఉన్నా, మౌనంగా ఉండకూడదు. మొదట కళాశాల ప్లేస్‌మెంట్ అధికారితో మాట్లాడాలి, ఎందుకంటే ఆ కంపెనీ గతంలో ఇటువంటి సందర్భంలో ఏమి చేసిందో ఆయనకు తెలిసి ఉంటుంది. తర్వాత ఆయన సలహాతో కంపెనీకి నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపాలి. ఏ సబ్జెక్టు తప్పింది, సప్లిమెంటరీ ఎప్పుడు, ఫలితం ఎప్పటికి వస్తుందని అంచనా, చేరే తేదీ గురించి వారి సూచన ఏమిటి. ఇంతే. ఇంటి కష్టాల సుదీర్ఘ వర్ణన అందులో అక్కరలేదు. చేరే తేదీని తర్వాతి బృందానికి మార్చడం కంపెనీ చేతిలో ఉన్న పని. ముందుగా అడిగినవారికే ఆ అవకాశం ఎక్కువ.

అబ్బాకు చెప్పడం దీనికంటే కష్టం. ఇక్కడ నా సలహా ఒక్కటే. ఫలితం ఒక్కటే తీసుకుని వెళ్లవద్దు, లెక్క కూడా వేసుకుని వెళ్లండి. “అబ్బా, ఈ సెమిస్టర్ తగ్గింది. మొత్తం ఇంత ఉంది, కంపెనీకి ఇంత కావాలి, చివరి సెమిస్టర్‌లో నాకు ఇంత రావాలి” అన్న మాటలో భయంతో పాటు దారి కూడా ఉంటుంది. షెడ్డులో రోజంతా బండి చప్పుడు విని ఎక్కడ పాడయిందో చెప్పే మనిషికి, పాడయింది అన్న మాట కంటే ఎక్కడ పాడయింది అన్న మాట బాగా అర్థమవుతుంది.

ఆఫర్ తర్వాత చదువు ఎవరికోసం?

గీతకు పైన ఉన్నవారు ఇక చదవనక్కరలేదా అని ఎవరైనా అడగవచ్చు. దీనికి సమాధానం ఇటీవలి వార్తల్లోనే ఉంది. 2023 జనవరిలో విప్రో తన శిక్షణ తర్వాతి పరీక్షల్లో తగిన ప్రతిభ చూపలేదని 452 మంది ఫ్రెషర్లను తొలగించింది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు ప్రాంగణంలో 300 మందికి పైగా ట్రైనీలను, మూడు అవకాశాల్లోనూ అంతర్గత పరీక్ష గట్టెక్కలేదన్న కారణంతో పంపివేసింది. వారిలో చాలామంది 2022లో ఆఫర్ అందుకుని, రెండేళ్లకు పైగా పిలుపు కోసం ఎదురుచూసి, 2024 అక్టోబరులో చేరినవారు. ఆ పరీక్షల తీరు మీద ఉద్యోగుల సంఘాలు తీవ్ర అభ్యంతరం తెలిపాయి, కంపెనీ తన విధానం ముందు నుంచీ ఉన్నదేనని చెప్పింది. ఆ వివాదంలో న్యాయం ఎటువైపు ఉందన్నది వేరే చర్చ. మన ఇళ్లకు సంబంధించినంతవరకు గ్రహించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆఫర్ పొందడానికి సి.జి.పి.ఎ. సరిపోయింది, నిలబెట్టుకోవడానికి అది సరిపోలేదు.

మద్‌యన్ వృద్ధుని కుమార్తె చెప్పిన రెండు లక్షణాల్లో మొదటిది శక్తి అన్నది ఇక్కడ గుర్తుకు రావాలి. ఏడో సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టులో మార్కు తగ్గిందన్నది మార్కు ఎంత తగ్గిందన్నదానికంటే ముఖ్యం. చేరబోయే పనికి సంబంధం లేని ఓపెన్ ఎలక్టివ్‌లో తగ్గితే అది సర్టిఫికెట్‌కు మాత్రమే నష్టం. డేటాబేస్‌లోనో, ప్రోగ్రామింగ్‌లోనో, నెట్‌వర్క్‌లలోనో పునాది కదిలిందని ఆ మార్కు చెబుతున్నట్లయితే, శిక్షణ పరీక్షల నాటికి అదే తిరిగి ఎదురవుతుంది. అలాంటి సబ్జెక్టును పాసైనా సరే సెలవుల్లో మళ్లీ తెరిచి చూడటం తెలివైన పని.

2022లో ఐ.టి. రంగం మందగించినప్పుడు కొన్ని కంపెనీలు ఇచ్చిన ఆఫర్లను నెలల తరబడి వాయిదా వేశాయి, కొన్ని వెనక్కి తీసుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో విప్రో ఏడాదికి 6.5 లక్షల ఆఫర్ ఉన్న ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. విద్యార్థి తన మాట నిలబెట్టుకున్నా అవతలివైపు మాట మారవచ్చని దీని అర్థం. అటువంటి రోజున చేతిలో మిగిలేది మార్కుల మెమోనే. మరో కంపెనీకి దరఖాస్తు చేయాలన్నా, గేట్ రాసి ఎం.టెక్.కో ప్రభుత్వ రంగ సంస్థకో ప్రయత్నించాలన్నా, విదేశీ విశ్వవిద్యాలయానికి వెళ్లాలన్నా ముందుగా అడిగేది దాన్నే. నా దృష్టిలో చివరి రెండు సెమిస్టర్లను కాపాడుకోవడానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదే. వచ్చిన ఉద్యోగం పోతుందన్న భయం కంటే, రావలసిన రెండో తలుపు మూసుకుపోకూడదన్న జాగ్రత్త మేలు.

అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న మన పిల్లలకు ఈ సమస్య మరింత కఠినంగా ఎదురవుతుంది. అక్కడి అనేక విశ్వవిద్యాలయాల్లో గ్రాడ్యుయేట్ విద్యార్థి 4కు 3 సగటు నిలుపుకోవాలి. ఉద్యోగం వచ్చాక చివరి సెమిస్టర్‌ను నిర్లక్ష్యం చేసి డిగ్రీ ఆలస్యమైతే, పని చేయడానికి అనుమతినిచ్చే ఒ.పి.టి. లెక్క అంతా తారుమారవుతుంది. 12 నెలల ఆ అనుమతి, సాంకేతిక శాస్త్రాల వారికి దానిపై దొరికే మరో 24 నెలలు, అన్నీ డిగ్రీ పూర్తికావడంతో ముడిపడి ఉన్నవే. అక్కడ ఉన్న అన్నయ్యో అక్కయ్యో “మార్కులదేముందిలే” అని ఫోనులో అంటే, వాళ్లు చేరిన సంవత్సరం ఏదో ఒకసారి అడగండి. ఉద్యోగాలు విరివిగా దొరికిన కాలపు సలహా మందగించిన కాలానికి పనికిరాకపోవచ్చు.

తల్లిదండ్రులకు కూడా ఒకటి రెండు మాటలు. ఆఫర్ వచ్చిన పిల్లవాడు ఇంకా విద్యార్థే. జీతం రాకముందే ఆ జీతం మీద అప్పు తేవడం, చెల్లెలి పెళ్లి ఖర్చు అతడి ముందు లెక్కపెట్టడం, ప్రతి బంధువు ఇంటికీ వెంటబెట్టుకుని వెళ్లడం అతడి చదువు గంటలనే కాదు, నిజం చెప్పే ధైర్యాన్ని కూడా తీసుకుపోతాయి. ఇంట్లో ఎంత ఎత్తున అలంకరణ చేస్తే, కింద తడి ఉందని చెప్పడం అంత కష్టమవుతుంది. మార్కులు తగ్గాయని ఈ రోజు చెప్పిన బిడ్డను మందలించే ముందు, అతడు చెప్పకుండా ఉండగలిగేవాడన్న సంగతి తలచుకోండి.

ఆడపిల్లల విషయంలో మరొకటి. ఉద్యోగం వచ్చిందని తెలియగానే సంబంధాలు కూడా వస్తాయి. మంచి సంబంధమైతే సంతోషమే. కానీ తేదీ నిర్ణయించేటప్పుడు వంటవాడిని, షాదీఖానాను అడుగుతారు, అమ్మాయి పరీక్షల షెడ్యూలు అడగరు. ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు వైవా, సప్లిమెంటరీ ఉంటే దాని తేదీ, కంపెనీ పిలిచే అవకాశమున్న నెల, ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని మగపెళ్లివారి ముందు కూడా పెట్టండి. ఒక నెల ముందుకో వెనుకకో జరపడానికి వారు ఒప్పుకుంటారా లేదా అన్నది కూడా ఆ సంబంధం గురించి మీరు తెలుసుకోవలసిన విషయాల్లో ఒకటి.